ఆమె పేరు బెర్తా కాదు

డిగ్రీ రెండో సంవత్సరంలో మాకు 'జేన్ ఐర్' నాన్‌డిటెయిల్డ్‌గా ఉండేది. షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన పెద్ద నవలని పిల్లల కోసం కుదించిన సన్నటి పుస్తకం. క్లాసులో ఆడపిల్లలందరికీ జేన్ నచ్చేసింది. తల్లీతండ్రీ లేరు, అందగత్తె కాదు, ఒకరింట్లో జీతానికి పాఠాలు చెప్పుకునే పిల్ల. అయినా ఆ ఇంటి యజమాని రోచెస్టర్ ఎదుట నిలబడి నాకూ నీకున్నంత మనసు ఉందని చెప్పింది. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఆ ఇంట్లో మూడో అంతస్తులో తాళం వేసిన గదిలో ఇంకొకావిడ ఉండేది. ఆవిడ మీద రెండు మార్కుల ప్రశ్న తప్పకుండా వచ్చేది: రోచెస్టర్ మొదటి భార్య ఎవరు? బెర్తా మేసన్, జమైకా నుంచి తెచ్చుకున్న భార్య, పిచ్చిది, ఇంటికి నిప్పంటించి మిద్దె మీంచి దూకి చనిపోయింది. ఇలా రాస్తే రెండు మార్కులూ పడేవి. నేనూ అలాగే రాశాను. ఆవిడ చనిపోతే గానీ జేన్ పెళ్లి జరగదు కాబట్టి, నిజం చెప్పాలంటే, ఆవిడ చావు దగ్గర నాకు ప్రాణం కుదుటపడింది. పందొమ్మిదేళ్ల వయసులో ఇంకేమీ తోచలేదు.

ఈ సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి, వెళ్తూ వెళ్తూ తన ఎంఏ పుస్తకం ఒకటి టీవీ పక్కన మర్చిపోయింది. ఫోన్ చేస్తే, "ఉంచుకో అమ్మా, నువ్వు చదవాల్సిందే. నీ జేన్ ఐర్‌లో పిచ్చావిడ కథ" అంది. జీన్ రీస్ రాసిన 'వైడ్ సర్గాసో సీ'. చిన్న నవల. నేను పనిచేసే ఆఫీసు యానాంలో. కాకినాడ నుంచి బస్సులో దగ్గర దగ్గర గంట ప్రయాణం. వారం రోజులు ఆ బస్సులోనే చదివాను. ముగించి రెండు నెలలైనా అది నన్ను వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు రచయిత్రి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆవిడ జీవితం తెలియకపోతే ఈ పుస్తకంలో కోపం ఎక్కడిదో అర్థం కాదు. జీన్ రీస్ 1890లో కరీబియన్ సముద్రంలోని డొమినికా దీవిలో, రోజో పట్నంలో పుట్టింది. తండ్రి వేల్స్ నుంచి వచ్చిన డాక్టరు. తల్లి వైపు వాళ్లు ఆ దీవిలోనే తరాలుగా ఉంటున్న తెల్లవాళ్లు, ఒకప్పుడు బానిసలతో తోటలు సాగుచేయించిన కుటుంబం. అలా అక్కడే పుట్టి పెరిగిన తెల్లవాళ్లని క్రియోల్ అంటారు. పదహారేళ్ల వయసులో, 1907లో, చదువు కోసం ఆవిణ్ణి ఇంగ్లండ్ పంపారు. తర్వాత నటన నేర్చుకునే స్కూల్లో చేరింది. ఆమె మాట్లాడే యాస అక్కడ పనికిరాదన్నారు. దీవిలో నల్లవాళ్ల దృష్టిలో ఆమె తెల్లపిల్ల, ఇంగ్లండ్‌లో తెల్లవాళ్ల దృష్టిలో ఎక్కణ్ణించో వచ్చిన పిల్ల. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎల్లా గ్వెండొలిన్ రీస్ విలియమ్స్. జీన్ రీస్ అన్నది తర్వాత పుస్తకాల మీద వచ్చిన పేరు.

1939 నాటికి నాలుగు నవలలు, ఒక కథల సంపుటి అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆవిడ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు, చనిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1949లో సెల్మా వాజ్ డయస్ అనే నటి, రీస్ నవలని నాటకంగా మలచుకోవాలని అనుమతి కోసం, ఆవిడ ఎక్కడున్నారో తెలిస్తే చెప్పండని పత్రికలో ప్రకటన వేసింది. అలా బతికి ఉన్నట్టు తెలిసింది. తర్వాత డెవన్‌లో ఒక పల్లెటూళ్లో చిన్న ఇంట్లో, జబ్బుపడ్డ భర్తని చూసుకుంటూ, తాగుడుతోనూ పేదరికంతోనూ అవస్థపడుతూ, ఏళ్ల తరబడి ఈ ఒక్క నవలే రాసి, చింపి, మళ్లీ రాసింది. 1966లో అది వచ్చేసరికి ఆవిడకి డెబ్భై ఆరేళ్లు. మరుసటి ఏడాది పెద్ద బహుమతి వస్తే, ఇది చాలా ఆలస్యంగా వచ్చింది అందట.

ఎందుకు రాసిందో తన ఉత్తరాల్లో చెప్పుకుంది. బ్రాంటీ నవలలో ఆ క్రియోల్ స్త్రీ కథ నడవడానికి కావలసిన ఒక బొమ్మ. తెర వెనక అరుస్తుంది, నవ్వుతుంది, కరుస్తుంది, అంతే. ఆమెని రంగస్థలం మధ్యకి తీసుకురావాలని రీస్ పట్టుదల. నాకు వెంటనే మా రెండు మార్కుల జవాబు గుర్తొచ్చింది. బ్రాంటీ అసలు నవలలో జేన్ మొదటిసారి ఆ గదిలోకి వెళ్లినప్పుడు, నాలుగు కాళ్ల మీద పాకుతున్నది జంతువో మనిషో తెలియలేదంటుంది. మా కుదించిన పుస్తకంలో ఆ వాక్యం ఉందో లేదో గుర్తు లేదు. ఉన్నా మేం ఆగి ఉండేవాళ్లం కాదు.

రీస్ తన కథని జమైకాలో, బానిసలకి విముక్తి వచ్చిన రోజుల్లో మొదలుపెడుతుంది. 1833లో చట్టం వచ్చింది, 1834 ఆగస్టు 1 నుంచి అమలైంది. బ్రిటిష్ ప్రభుత్వం రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. బానిసలుగా బతికినవాళ్లకి కాదు, వాళ్ల యజమానులకి. నవల మొదటి పేజీలోనే ఆ డబ్బు కోసం ఎదురుచూసి విసిగిపోయిన ఒక పొరుగాయన తన కుక్కని కాల్చేసి సముద్రంలోకి ఈదుకుంటూ వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. రెండు వాక్యాల్లో అయిపోతుంది. దారిలో ఎక్కడో బస్సు ఆగితే తలెత్తి చూశాను, ఆ మనిషి మాత్రం ఇంకా ఈదుతూనే ఉన్నట్టనిపించింది.

కూలిబ్రి అనే పాడుబడ్డ తోటలో ఆంట్వానెట్ అనే పిల్ల, విధవరాలైన తల్లి, అవిటివాడైన తమ్ముడు, మార్టినీక్ నుంచి వచ్చిన క్రిస్టోఫీన్ అనే పనిమనిషి ఉంటారు. డబ్బున్న తెల్లవాళ్లు వాళ్లని కలుపుకోరు. నల్లవాళ్లు వాళ్లని తెల్ల బొద్దింకలంటారు. ఆంట్వానెట్‌కి ఉన్న ఒకే ఒక్క నేస్తం టియా, నల్లపిల్ల. ఇద్దరూ మడుగులో ఈదుతారు, నిప్పు మీద కాయలు ఉడకేసుకుని తింటారు. ఒకరోజు మూడు పెన్నీల పందెం మీద గొడవొస్తుంది. ఆంట్వానెట్ నోట్లోంచి టియా రంగుని తిట్టే మాట వస్తుంది. టియా ఆమె గౌను తొడుక్కుని వెళ్లిపోతుంది. ఆంట్వానెట్ టియా గౌను వేసుకుని ఇంటికి వస్తుంది. ఇక్కడ రీస్ తన పిల్లని మంచిపిల్లగా చూపించలేదు. ఆ తిట్టు పిల్ల నోటికి ఎలా వచ్చిందో తెలిసేలా రాసింది.

తర్వాత తల్లి మేసన్ అనే ఇంగ్లీషు ధనవంతుణ్ణి పెళ్లి చేసుకుంటుంది. ఈ మేసన్ ఒక రాత్రి భోజనాల దగ్గర, ఇక్కడి నల్లవాళ్లు పని చెయ్యరు, తూర్పు ఇండియాల నుంచి కూలీలని తెప్పిస్తానంటాడు. వడ్డిస్తున్న పనిమనిషి వింటూ ఉంటుంది. ఆమె బయటికి వెళ్లాక మేనత్త కోరా, ఆ మాటలు ఆమె ముందు అనకుండా ఉండాల్సింది అంటుంది. ఆ రాత్రే జనం వచ్చి ఇంటికి నిప్పు పెడతారు.

ఈ మాట చదివేటప్పుడు బస్సు కోరంగి దాటుతోంది. కావాలని కల్పించి చెప్పడం లేదు, రోజూ ఆ దారే. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 తుఫానుతో బాగా దెబ్బతింది. ఇప్పుడు జనం మడ అడవులు చూడ్డానికి వస్తారు. కానీ ఇక్కణ్ణించి రంగూన్‌కీ మారిషస్‌కీ ఓడలెక్కిన మనవాళ్లని అక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారు. యానాం నుంచి ఫ్రెంచివాళ్లు 1820ల చివర్లోనే రీయూనియన్ దీవికి చెరకు తోటల పనికి మనుషులని తీసుకెళ్లారు. జమైకాకి మన దేశం నుంచి మొదటి ఓడ 1845 మే 10న చేరింది. అది కలకత్తా నుంచి వెళ్లిన ఓడ. మేసన్ భోజనాల బల్ల దగ్గర మామూలుగా అన్న మాటకి అర్థం అది. ఒకరి సంకెళ్లు తీశాక ఆ ఖాళీలో కూర్చోబెట్టడానికి ఇంకొకరు కావాలి, ఆ ఇంకొకరు మనం. ఇన్నేళ్లుగా జేన్ ఐర్ అంటే నాకు ఇంగ్లండ్ చలి, పొగమంచు, నిప్పుగూడు. ఆ ఇంటి డబ్బు ఎక్కడిదని అడగాలని నాకు ఒక్కరోజూ అనిపించలేదు.

ఇల్లు తగలబడే రాత్రిని మాత్రం నేను మూడుసార్లు చదివాను. రెక్కలు కత్తిరించిన చిలుక ఒకటి ఉంటుంది ఆ ఇంట్లో. కత్తిరించింది మేసనే. ఎగరలేక రెక్కలకి నిప్పంటుకుని మిద్దె మీంచి కిందపడిపోతుంది. చిలుక చావు చూడ్డం అపశకునమని గుంపు వెనక్కి తగ్గుతుంది. ఆ గందరగోళంలో ఆంట్వానెట్‌కి దూరంగా టియా, టియా తల్లి కనిపిస్తారు. నాకు మిగిలింది వీళ్లే అనుకుని పరిగెడుతుంది. టియా చేతిలో రాయి ఉంది. అది విసరడం కనిపించదు, తగిలిన నొప్పి తెలియదు, ముఖం మీద తడి మాత్రం తెలుస్తుంది. ఆమె ముఖం మీద రక్తం, టియా ముఖం మీద కన్నీళ్లు. ఒకరినొకరు చూసుకుంటుంటే అద్దంలో చూసుకున్నట్టు ఉందంటుంది.

బార్బడోస్ కవి కమావ్ బ్రాత్‌వైట్‌ ఈ ఘట్టాన్ని ఒప్పుకోలేదని మా అమ్మాయి చెప్పింది. ఆ చరిత్రలో టియా ఆమెకి స్నేహితురాలు అయ్యే వీలే లేదన్నాడట. నాకు ఆయన మాట కాదనాలనిపించలేదు. ఈ నవలలో టియా మనసులోకి మనం ఎప్పుడూ వెళ్లం. ఆ రోజు ఆమె ఎందుకు ఏడ్చిందో మనకి చెప్పేది కూడా ఆంట్వానెట్ కళ్లే. బ్రాంటీ బెర్తాని వదిలేసినట్టు రీస్ టియాని వదిలేసిందని ఎవరైనా అంటే నేను ఔననే అంటాను. అయినా ఆ రాయి, ఆ కన్నీళ్లు రెండూ నాకు నిజంగానే కనిపించాయి.

రెండో భాగం చాలావరకు భర్త చెబుతాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రెండో కొడుకు, ఆస్తి అన్నగారికి పోతుంది, అందుకని తండ్రి ఇక్కడ సంబంధం చూశాడు. ముప్పై వేల పౌండ్ల కట్నం. నెల తిరక్కుండా పెళ్లి. ఆంట్వానెట్ పేరు మీద ఏ ఏర్పాటూ చెయ్యలేదని మేనత్త కోరా గొడవ పెడుతుంది. ముక్కూ మొహం తెలియని వాడికి పిల్ల సొత్తంతా అప్పగిస్తున్నావని మేసన్ కొడుకుతో అంటుంది. వినడు. ఇంగ్లండ్‌లో 1882లో చట్టం వచ్చేదాకా పెళ్లైన ఆడదాని ఆస్తి చాలావరకు మొగుడిదే. చివరికి ఆ ముసలావిడ తన ఉంగరాలు తీసి, అతనికి చూపించకని చెప్పి పిల్ల చేతిలో పెడుతుంది. ఇది చదివి పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మన ఇళ్లలో ఇలాంటి అత్తలు ఎంతమంది.

రీస్ ఈ భర్తకి నవల మొత్తంలో ఎక్కడా పేరు పెట్టలేదు. రోచెస్టర్ అన్న మాటే ఉండదు. అతను మాత్రం భార్యకి పేరు మారుస్తాడు. ఒకడు రాసిన ఉత్తరంలో ఆమె తల్లికి పిచ్చి అని చదివినప్పటి నుంచి ఆంట్వానెట్ అనడం మానేసి బెర్తా అంటాడు. ఆ పేరంటే తనకి ఇష్టమట. ఆమె ముందు ఊరుకుంటుంది. తర్వాత చెబుతుంది: నా పేరు బెర్తా కాదు, వేరే పేరుతో పిలిచి నన్ను వేరే మనిషిని చెయ్యాలని చూస్తున్నావు, ఇది కూడా ఓబియానే. ఓబియా అంటే అక్కడి చేతబడి. క్రిస్టోఫీన్‌కి ఆ విద్య తెలుసని ఊరంతా భయపడుతుంది. అతను ఆ క్రిస్టోఫీన్‌ని పోలీసుల పేరు చెప్పి బెదిరించి పంపేస్తాడు, పేరు మార్చి మనిషిని మాయం చేసే పని మాత్రం తను చేస్తూనే ఉంటాడు. వెళ్లిపోయే ముందు క్రిస్టోఫీన్, నాకు చదవడం రాయడం రాదు, వేరేవి తెలుసు అంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. ఈ పుస్తకంలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆవిడే.

పేరు దగ్గరే నేను ఆగిపోయాను. దానికి కారణం మా అమ్మమ్మ.

అమ్మమ్మ పోయాక, ఆవిడ పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ముప్పై సెంట్ల భూమి మా అమ్మ, పిన్నిల పేరుకి మార్చాల్సి వచ్చింది. పాత దస్తావేజు తీస్తే అందులో వేరే పేరు ఉంది. మాకు తెలిసిన అమ్మమ్మ పేరు ఒక దేవత పేరు. రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో, మేం వేయించిన కర్మ కార్డుల్లో అదే. దస్తావేజులో ఉన్నది ఒక నది పేరు. ఆఫీసువాళ్లు ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేంటన్నారు. నాలుగుసార్లు తిప్పారు. చివరికి స్టాంపు పేపరు మీద, ఫలానా పేరు గల ఆమె, ఫలానా పేరు గల ఆమె ఒక్కరే అని అఫిడవిట్ రాయించి, ఇద్దరు పెద్దవాళ్ల చేత సాక్షి సంతకాలు పెట్టించాం. ఆ కాగితం నేనే టైపు చేయించాను. అప్పుడది నాకు ఆఫీసు టెన్షన్ మాత్రమే.

ఇప్పుడు అమ్మని అడిగాను. "పేరెందుకు మార్చారమ్మా?"

"వాళ్ల అత్తగారి పేరూ అదేనే. అత్తగారి పేరే కోడలికుంటే ఎలా పిలుస్తారు? కోడల్ని ఏదన్నా అంటే అత్తగార్ని అన్నట్టవదూ? అందుకని పెళ్లైన రోజే మార్చేశారు."

"అమ్మమ్మని అడిగారా?"

"పదమూడేళ్ల పిల్లని ఎవరడుగుతారే."

అమ్మ గొంతులో బాధేమీ లేదు, నాకూ తాతమ్మ మీద కోపం రాలేదు. ఆవిడ చెడ్డది కాదు, కోడల్ని బాగా చూసుకుందనే అందరూ చెబుతారు. మా తాతయ్యకీ ఈ భర్తకీ పోలికే లేదు. కానీ పదమూడేళ్ల పాటు ఒక పిలుపుకి వెనక్కి తిరిగిన పిల్ల, ఒక రోజు పొద్దున్నుంచి ఇంకో పిలుపుకి తిరగాలి. మొదట్లో ఎన్నిసార్లు పిలిస్తే పలికిందో, చెవుడా అని ఎవరైనా అన్నారో. ఇవి అడగడానికి ఇప్పుడు అమ్మమ్మ లేదు.

మూడో భాగం చాలా చిన్నది. ఇంగ్లండ్, చలి, కాపలాకి గ్రేస్ పూల్. ఆ గదిలో అద్దం లేదు. తను ఇప్పుడు ఎలా ఉందో తనకి తెలియదంటుంది. తన దీవి నుంచి తెచ్చుకున్న ఎర్ర గౌను ఒకటి మిగిలింది, అందులో అక్కడి పూల వాసన, వాన వాసన ఉన్నాయి. అది ఎక్కడ దాచేశారో అని ఆరాటపడుతుంది. తర్వాత ఒక కల వస్తుంది. కలలో ఇల్లు అంటుకుంటుంది, ఆమె మిద్దె మీద ఉంది. బ్రాంటీ నవల చివర్లో జేన్‌కి ఒక సత్రం యజమాని ఆ రాత్రి సంగతి చెబుతాడు. మిద్దె మీదికి వెళ్లిన రోచెస్టర్ బెర్తా అని కేకేశాడని, ఆవిడ వెంటనే దూకేసిందని. ఆమెని కాపాడబోయాడని చెప్పడానికే బ్రాంటీ ఆ కేక పెట్టింది. రీస్ ఆ ఒక్క కేకనే పట్టుకుంది. ఆమె కలలో ఒక పక్క నుంచి ఆ గొంతు బెర్తా బెర్తా అని పిలుస్తుంటుంది. చిలుక ఎవరది ఎవరది అంటుంది. కిందకి చూస్తే కూలిబ్రి మడుగు కనిపిస్తుంది, దాని పక్కన టియా, రమ్మని చెయ్యి ఊపుతుంది. భయమా అని నవ్వుతుంది. ఆమె టియా అని పిలిచి దూకుతుంది. మెలకువ వస్తుంది. లేచి, గ్రేస్ పూల్ దగ్గర తాళాలు తీసుకుని, కొవ్వొత్తి వెలుగుతో నడవాలోకి వస్తుంది. గాలికి మంట రెపరెపలాడితే చెయ్యి అడ్డం పెట్టి కాపాడుకుంటుంది. రీస్ అక్కడ ఆపేసింది. ఇంటికి నిప్పు పెట్టడం ఈ పుస్తకంలో జరగదు, చావడం జరగదు.

నేను తర్వాత జేన్ ఐర్ పూర్తి నవల తెప్పించుకుని చదివాను. జేన్ ఇప్పటికీ నాకు ఇష్టమే, అది పోలేదు. కానీ ఆ పైగదిలోంచి నవ్వు వినిపించినప్పుడల్లా జేన్‌తో పాటు నేను భయపడలేకపోయాను.

మొన్న రాత్రి అమ్మకి ఈ కథంతా చెప్పాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ విన్నది. గ్రేస్ పూల్‌కి జీతం ఎంతిచ్చేవాడని అడిగింది. ఎక్కువిచ్చేవాడు, నోరు మెదపకుండా ఉండడానికి అన్నాను. మడుగు దగ్గర టియా చెయ్యి ఊపడం చెప్పినప్పుడు అమ్మ చేతులు ఆగాయి.

"మా పిన్ని ఉండేది చూడు, అమ్మ చెల్లెలు, ఏడాదికోసారి దసరాకి వచ్చేది. గుమ్మం దాకా వచ్చేది కాదు, వీధి చివర నుంచే పిలిచేది, 'అక్కా' అని కాదు, చిన్నప్పటి పేరు పెట్టి. మా నాయనమ్మకి మా చెడ్డ కోపం వచ్చేది, తన పేరు పెట్టి పిలుస్తోందని. అమ్మ మటుకు పొయ్యి మీద ఏముందో చూసుకునేది కాదు, తడిచేతులతోనే పరిగెత్తేది."